నీ దుంప తెగ!

తెలుగువాడు తిట్టేటప్పుడు కూడా పొలం గట్టు దిగడు. చేతిలో గాజుగ్లాసు జారవిడిచిన మనవణ్ణి చూసి బామ్మ "నీ దుంప తెగ!" అంటుంది. అందులో కోపం పావలా అయితే ముద్దు ముప్పావలా. కాని మాట పుట్టిననాడు అందులో అంత ముద్దు ఉండి ఉండదు. పైన తీగ తెగితే మళ్ళీ చిగురిస్తుంది. కింద దుంప తెగితే ఇక చిగురించడానికి ఏముంటుంది? మొదలంటా పోవాలని కోరే తిట్టన్నమాట! క్లాసులో జాతీయాలు చెప్పే రోజున నేను ఈ అర్థమే చెబుతాను. పిల్లలు నవ్వుతారు. వాళ్ళ నవ్వు ఆగిన తరువాత, ఈ మాట ఒక్క మొక్క విషయంలో మాత్రం తిట్టు కాదు, దీవెన అని కూడా చెబుతాను. ఎందుకంటే, దుంప తెగితేనే గాని దాని వంశం నిలవదు.

ఆ మొక్క పెండలం. అందులోనూ మా పెరట్లో ఉన్నది ఊదారంగు పెండలం. ఈ వారం దాని సంగతి.

పెండలం అనగానే చాలామందికి కర్రపెండలం గుర్తొస్తుంది. అది వేరు. సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పొదలా నిలబడే మొక్క; దక్షిణ అమెరికా నుంచి మనకు వచ్చిన చుట్టం. నేను చెప్పేది తీగ పెండలం. కంద, చేమ ఒక కుటుంబం. చిలగడదుంప తూటికూరకి బంధువు. పెండలం వీళ్ళెవరితోనూ బీరకాయపీచు చుట్టరికమైనా లేని వేరే ఇంటిది. శాస్త్రజ్ఞులు దీన్ని డయోస్కోరియా అలాటా అంటారు. డయోస్కోరిడిస్ అనే ప్రాచీన గ్రీకు వైద్యుడి పేరు మీదుగా మొదటి మాట వచ్చింది. రెండో మాటకి లాటిన్‌లో రెక్కలున్నది అని అర్థం. తీగను వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే ఆ పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది. గుండ్రంగా ఉండదు, నలుపలకలుగా ఉంటుంది. ఒక్కొక్క అంచునా సన్నని రెక్కలాంటి పొర ఉంటుంది. ఆకులు తమలపాకుల్లా ఉండి, జంటలు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. బ్రౌనుదొర 1852లో అచ్చువేయించిన నిఘంటువులో కూడా పెండలము ఉంది. అంటే మనకు కొత్త కాదు. మనమే దానికి కొత్తవాళ్ళమైపోయాం.

లోపల తెల్లగా ఉండే పెండలాలే మన సంతల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఊదావాటిని కోస్తే కత్తిపీట కూడా నేరేడుపళ్ళు తిన్న పిల్లవాడి నాలుకలా అవుతుంది. ఆ పోలిక ఊరికే చెప్పలేదు. నేరేడుపండుకీ, వంకాయ తొక్కకీ, ఈ దుంపకీ రంగునిచ్చేవి ఒకే జాతి పదార్థాలు. వాటిని యాంథోసయనిన్లు అంటారు. ఉడికించిన ముక్క మీద చింతపండు పులుసు వేస్తే ఎరుపు తిరుగుతుంది. చిటికెడు వంటసోడా వేస్తే నీలం వైపు నడుస్తుంది. పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాలనుకునే తల్లులకు ఇంతకంటె చవకైన ప్రయోగశాల దొరకదు.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు మొన్నొక రోజు ఫోనులో ఒక ఫోటో పంపించాడు. ఊదారంగు ఐస్‌క్రీము. "బాబాయ్, ఇక్కడ దీన్ని ఊబే అంటున్నారు. జనం ఎగబడి తింటున్నారు. ఇది ఫిలిప్పీన్స్ వాళ్ళ దుంపట" అని రాశాడు. ఆ ఫోటో అమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "మన పెండలమే! దానికి ఆ పాట్లేమిటి, మంచుగడ్డల్లో?" అంది.

నిజమే, మన పెండలమే. ఫిలిప్పీన్స్ వాళ్ళు దీన్ని ఉడికించి, మెదిపి, పాలూ పంచదారా వేసి కలియబెట్టి హల్వా లాంటి మిఠాయి చేస్తారు. వాళ్ళ బొహోల్ దీవిలో ఈ దుంప చెయ్యిజారి నేలమీద పడితే, తీసి ముద్దు పెట్టుకోవడం ఆచారం. మనం కాలికి తగిలిన పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నట్టన్నమాట. అంతదూరం వెళ్ళనక్కరలేదు. సూరత్‌లో చలికాలం వచ్చిందంటే ఊంధియులో ఊదా పెండలం ముక్కలు పడవలసిందే. కేరళలో తిరువాతిరనాడు వండే పుళుక్కులో ఇది ఉంటుంది. యాళ్‌పాణంలో తమిళులు దీనితో కొబ్బరిపాలు పోసి తియ్యని జావ కాస్తారు. ఇంతమంది నెత్తిన పెట్టుకున్న దుంపను మనం కందకీ చేమకీ ఇచ్చిన పీట కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టాం.

మా పెండలం ఊరు కోనసీమ. 2009లో అక్కడి మా ఇల్లు అమ్మవలసి వచ్చింది. నాన్న పోయారు, అన్నయ్యా నేనూ ఉద్యోగాల వెంట చెరో ఊరూ పట్టుకుపోయాం, అమ్మ ఒక్కర్తీ ఆ మండువాలో ఉండలేదు. సామానంతా లారీకెక్కించాక, అమ్మ పెరట్లోకి వెళ్ళి ఒక పాతచీర మూట తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. విశాఖపట్నం వచ్చేదాకా దాన్ని కింద పెట్టలేదు. నగలనుకుంది మా ఆవిడ. విప్పితే మట్టితో పెండలం తలకాయ! "మా అత్తగారు నాకు అప్పజెప్పింది ఇదొక్కటే. ఇల్లంటే అమ్ముకున్నాం" అంది అమ్మ. ఆ మాటకి ఎవరం ఏమీ అనలేకపోయాం.

ఇక పెంచే సంగతి. ఇంటి వెనక నాలుగు గజాల జాగా, రోజుకి ఆరుగంటల ఎండ ఉన్నవాళ్ళెవరైనా పెండలం పెంచవచ్చు.

మొదట తెలుసుకోవలసింది, దీనికి గింజ నమ్మకం లేదు. ఆడతీగ వేరు, మగతీగ వేరు. ఇళ్ళల్లో పెంచే రకాలు పూయడమే అరుదు, పూసినా కాయడం మరీ అరుదు. అంచేత దుంపను ముక్కలు కోసి నాటవలసిందే. బంగాళాదుంప మీద కళ్ళుంటాయి. ఎక్కడ మొలక వస్తుందో చూసి కోసుకుంటాం. పెండలానికి అలాంటి కళ్ళు లేవు. తొక్క ఉన్న ఏ ముక్కైనా తొక్క కింద కొత్తగా మొలక కట్టుకోగలదు. అయితే అన్ని ముక్కలూ ఒకలాంటివి కావు. తీగకి అంటుకుని ఉన్న పైభాగం, దాన్నే తల అంటాం, అది ముందు మొలుస్తుంది, బలంగా మొలుస్తుంది. నడిముక్క ఆలస్యం చేస్తుంది. తోక ముక్క మరీ తాత్సారం చేస్తుంది.

రెండోది, దీనికి నిద్ర ఉంది. సంక్రాంతి రోజుల్లో తవ్విన దుంప రెండుమూడు నెలలు ఎన్ని నీళ్ళు పోసినా కదలదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నిద్ర లేస్తుంది. అప్పుడు పావుకిలో నుంచి 300 గ్రాముల దాకా తూగే ముక్కలు కొయ్యాలి. ప్రతి ముక్కకీ తొక్క ఉండాలి. కోసిన ముక్కల్ని చిక్కని పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టాలి. అమ్మ కోత మీద పొయ్యిబూడిద అద్దేది. ఇప్పుడు గ్యాసుపొయ్యికి బూడిద ఎక్కడిదని ఏటా మమ్మల్ని దెప్పుతుంది.

గొయ్యి మూరెడు లోతు, మూరెడు వెడల్పు. అంటే సుమారు 45 సెంటీమీటర్లు. గొయ్యికీ గొయ్యికీ మధ్య రెండుమూరలు. తవ్విన పైమట్టిలో కిలో పైచిలుకు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి ముప్పాతిక వంతు నింపి, ముక్కను నాటి, పైన బోదెలా మట్టి ఎగదోసి, ఎండుటాకులు దట్టంగా కప్పాలి. ఎండుటాకులు మరువకండి, వేసవి ఎండకి లోపల ముక్క ఉడికిపోకుండా కాపాడేవి అవే. దుంప కిందికి చొచ్చుకుపోయే జాతి కనుక మట్టి గుల్లగా ఉండాలి. రాయి తగిలితే పక్కకి తిరిగి ఏనుగు పాదంలా, మనిషి అరచేయిలా రకరకాల వేషాలు వేస్తుంది. నీళ్ళు నిలిచే చోట మాత్రం నాటనే వద్దు. మేడమీద పెంచేవాళ్ళు అడుగున చిల్లులు పొడిచిన పెద్ద గోనెసంచిలో పెట్టుకోవచ్చు. తవ్వడం కూడా సులువు. సంచి కోస్తే సరి.

తొలకరికి మొలక పైకి వస్తుంది. వచ్చిన పదిహేను రోజుల్లో దానికి ఆధారం చూపించాలి. ఇక్కడ పందిరి గురించి ఒక మాట. చిక్కుడుకీ ఆనపకీ వేసినట్టు నెత్తిమీద చదునుగా పరిచే పందిరి దీనికి అంత మంచిది కాదు. కింది ఆకుకి పై ఆకు గొడుగు పడుతుంది. ఆకు మీద పడిన ఎండే కింద దుంపగా మారుతుంది గదా! అంచేత గోడలా నిలబడే జాఫ్రీ కట్టాలి. రెండు సరుగుడు వాసాలు పాతి, పైనా కిందా గట్టి తీగలు లాగి, మధ్య జానెడేసి ఎడంగా కొబ్బరితాళ్ళు నిలువునా కడితే చాలు. పదడుగులు తగ్గకుండా ఎత్తుండాలి. వాసాలు గట్టిగా పాతండి. సెప్టెంబరు నాటికి ఆ తీగ బరువు మీరనుకున్నదానికి మూడింతలవుతుంది.

పెండలం తీగ ఎప్పుడూ ఒక దిక్కుగానే చుట్టుకుంటుంది. ముళ్ళతీగ ఉండే చిన్నపెండలం అనే దీని దాయాది సరిగ్గా దానికి ఎదురు దిక్కుగా చుట్టుకుంటుంది. దాయాదులన్నాక ఆమాత్రం ఉండాలి! మీరు సాయం చేద్దామని తీగను తప్పు దిక్కుకి తిప్పి కడితే అది ఒప్పుకోదు. కొస తాడుకి ఆనించి వదిలేయండి. మిగతాది దానికి తెలుసు.

ఆషాఢ శ్రావణ భాద్రపదాలు తీగకీ ఆకుకీ ఖర్చు. కింద దుంప ఇంకా నామమాత్రమే. పగటిపొద్దు కురచవుతున్న కొద్దీ, అంటే దసరా దీపావళుల మధ్య నుంచి, ఆకు వండినదంతా కిందికి దిగడం మొదలవుతుంది. పెరటివాళ్ళకి అవి ఊపిరి బిగబట్టే రోజులు. ఎందుకంటే మన తీరంలో తుపానులు వచ్చే రోజులు కూడా అవే.

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారం. హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటిన రోజు. ఆ గాలిని చూసినవాళ్ళకి నేను వర్ణించనక్కరలేదు, చూడనివాళ్ళకి వర్ణించలేను. మర్నాడు తలుపు తీస్తే ఊరు ఊరులా లేదు. నిలబడ్డ చెట్లకి కూడా ఆకులు లేవు. ఉన్న ఆకులు సముద్రపు ఉప్పునీటి తుంపరకి మాడి మసిబారిపోయాయి. పక్కింటి వేపచెట్టు మా ప్రహరీ మీదుగా పడి, జాఫ్రీని వాసాలతో సహా నేలలోకి దిగగొట్టింది. చెట్టును కోసి తీయించడానికి మనుషులు దొరకలేదు. కాలవలన్నీ కొమ్మలతో పూడిపోయి వాననీళ్ళు పెరట్లో నిలిచాయి. చెట్టు తీసేసరికి చాలా రోజులు పట్టింది. తవ్విచూస్తే, అప్పుడప్పుడే పిడికెడు ఊరిన దుంపలు కుళ్ళి చేతికి జావలా వచ్చాయి. మూడు గోతుల్లో మూడూ అంతే.

కరెంటు వచ్చింది, నీళ్ళు వచ్చాయి, కాలేజీ తెరిచారు. అమ్మ మాత్రం పెరట్లోకి వెళ్ళడం మానేసింది. బజారులో పెండలం దొరక్కపోదు. కిలో తెచ్చి నాటుదామన్నాను. "పెండలం దొరుకుతుందిరా. మా అత్తగారి పెండలం దొరుకుతుందా?" అంది.

ముసలివాళ్ళ చాదస్తమనుకోకండి. శాస్త్రం కూడా ఆవిడ పక్షమే. గింజ నుంచి వచ్చే మొక్క తల్లిదండ్రులిద్దరి పోలికలూ కలిసిన కొత్త మొక్క. ముక్క నుంచి వచ్చేది కొత్తది కాదు, పాతదే. మా నాయనమ్మ పెరట్లో ఏ తీగ ఉండేదో విశాఖలో మా జాఫ్రీకి ఎక్కింది కూడా సరిగ్గా ఆ తీగే. దాని కూతురు కాదు, మనవరాలు కాదు, అదే. ఒక్క ఏడాది నాటకపోతే, లేక ఉన్నదంతా వండుకు తినేస్తే, ఆ తీగ భూమి మీద ఇక ఉండదు.

మరి అది మళ్ళీ ఎలా వచ్చిందంటే, దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమ్మకి ఒక అలవాటు. ఏటా దుంప తవ్వగానే అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తలొక ముక్కా పంచేది. అది కూడా తల ముక్కలే! మా ఆవిడకి ఇది బొత్తిగా నచ్చేది కాదు. "అత్తయ్యగారూ, ఇచ్చేదేదో తోక ముక్క ఇవ్వచ్చుగదా. తలలు మనం నాటుకుందాం" అనేది. "తోక ఇస్తే అది మొలవకపోతే, పెండలం మంచిది కాదని వాళ్ళు మరి నాటరే అమ్మా" అని అమ్మ జవాబు. మా ఆవిడ లెక్కల పంతులమ్మ. ఆవిడ లెక్కకీ అమ్మ లెక్కకీ ఏనాడూ పొత్తు కుదరలేదు.

2015 వేసవిలో, మాకు పాలు పోసే ముసలామె ఒక ఉదయం క్యానుతోపాటు ఒక చేతిసంచి దింపింది. ఆమెది పెందుర్తి అవతల పల్లె. "మామ్మగోరూ, మీ దుంప మా కాడ బతికేవుంది. మావిడిచెట్టుకి ఎక్కించినాం. చెట్టు కొమ్మలు పోనాయి గానీ దుంప మట్టిలోనే ఉండిపోనాది. మీది పోనాదంట గదా, మొన్న కోడలమ్మ చెప్పింది" అంది. సంచిలో రెండు తలలు! అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి, గోటితో తొక్క గీరి చూసింది. లోపల నేరేడు రంగు. ఆ రోజు పాలు ఎవరూ కాచలేదు, మధ్యాహ్నానికి విరిగిపోయాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ సంవత్సరం నుంచి మా ఆవిడే దగ్గరుండి తలముక్కలు పంచుతోంది.

ఈ సంగతిలో నాకు తోచినదొకటుంది. ధాన్యం దాచుకోవడానికి గాదె ఉంది, డబ్బు దాచుకోవడానికి బ్యాంకు ఉంది. పెండలం లాంటిదాన్ని మన ఇంట్లో దాచుకోలేం. ఏడాది నిలవుండదు, ఏటా మట్టికి అప్పజెప్పవలసిందే, మట్టికి ఏం జరిగినా దానికీ జరుగుతుంది. అంచేత దాన్ని దాచుకునే చోటు ఒక్కటే, పక్కవాడి పెరడు. ఎంత దూరాన ఉన్న పక్కవాడైతే అంత మంచిది. ఒకే తుపాను ఇద్దరినీ ఒకలా కొట్టదు. అమ్మ పంచినది దానం అనుకున్నాం గాని, ఆవిడ చేసినది భీమా.

ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. అందరి పెరళ్ళలోనూ ఒకే తీగ ఉంటే, దానికి సరిపడని తెగులు వచ్చిననాడు అందరిదీ ఒకేసారి పోతుంది. 1845లో ఐర్లండులో జరిగింది అదే. ఇంచుమించు ఒకే రకం బంగాళాదుంప మీద బతుకుతున్న దేశానికి తెగులు వచ్చింది. ఆ కరువులో దాదాపు పదిలక్షలమంది పోయారు. పెండలానికి కూడా ఆకుమచ్చ తెగులు ఉంది. ముసురు పట్టినప్పుడు ఆకుల మీద నల్లమచ్చలు లేచి, తీగ కొసలు మాడిపోతాయి. మాడిన ఆకులు ఏరి కాల్చెయ్యాలి. తెగులు తిన్న తీగ దుంపను విత్తనానికి ఉంచకూడదు. ఊదాదొకటీ తెల్లదొకటీ పక్కపక్కన పెంచడం ఇంకా మేలు. తిరువనంతపురంలో 1963లో స్థాపించిన కేంద్ర దుంపపంటల పరిశోధనా సంస్థవారు శ్రీకీర్తి, శ్రీరూప వంటి మంచి రకాలు తయారుచేశారు. 30 గ్రాముల చిట్టిముక్కల్ని నారుమడిలో మొలిపించి, ఒక్క దుంప నుంచి పదులకొద్దీ మొక్కలు తీసే పద్ధతినీ వ్యాప్తిలోకి తెచ్చారు. గోదావరి గట్టున మన కొవ్వూరు ఉద్యాన పరిశోధనా స్థానంలో కూడా దుంపపంటల మీద పని జరుగుతోంది. వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. మన ఇంటి తీగను నిలబెట్టుకునే పని మాత్రం మనదే.

ఆకులు పసుపుపచ్చగా మారి తీగ ఎండిందంటే దుంప తయారైందన్నమాట. నాటిన తొమ్మిది పది నెలలకి ఆ రోజు వస్తుంది. కొన్ని తీగలకి ఆకుల సందున చిన్న గాలిదుంపలు కూడా వేలాడతాయి; పారెయ్యకండి, అవీ మొలుస్తాయి. గునపం మొదట్లో దింపితే దుంపను పొడిచినట్టే. జానెడు దూరం నుంచి చుట్టూ మట్టి తీసుకుంటూ రావాలి. మట్టి దులిపి, గాలి తగిలే నీడచోట పరిచి ఉంచండి. ఫ్రిజ్జులో పెట్టవద్దు, అతిచలికి లోపల చెడిపోతుంది. గోదావరి మట్టిలో ఎంత ఊరేదో గాని, మా విశాఖ ఎర్రమట్టిలో గొయ్యికి మూడు కిలోలు వస్తే మేము పండగ చేసుకుంటాం.

తరిగేటప్పుడు చేతికి నూనె రాసుకోండి. పచ్చిదుంప జిగురుకి దురద ఉంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటారు గాని, పెండలం దురద కత్తిపీటకి కాదు, పట్టుకున్న చేతికి. పూర్తిగా ఉడికితే ఆ గుణం పోతుంది. పచ్చిగా మాత్రం తినకూడదు. అడవిలో ఇలాంటి ఆకులే ఉన్న తీగ కనిపించిందని దుంప తవ్వి తెచ్చుకోవద్దు. వాటిలో విషపువి కూడా ఉన్నాయి. వాటి చేదు వదిలించే విద్య కొండల్లో పుట్టిపెరిగినవాళ్ళకే తెలుసు.

తొక్కతోనే ఉడికించి తరువాత ఒలిస్తే రంగు నీళ్ళపాలు కాదు. ముక్కలు సన్నగా తరిగి వేపుడు చేస్తే అప్పడంలా కరకరలాడుతుంది. బెల్లం పులుసు పెడితే ఆ ఎరుపూ ఊదా కలిసిన రంగు చూసి పిల్లలు మారు అడుగుతారు. మెదిపి, కొబ్బరిపాలు పోసి, బెల్లం, ఏలకులు వేసి కాస్తే పాయసం. మా అన్నయ్య కొడుకు కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పాయసం రెండు గిన్నెలు తాగి, "బాబాయ్, ఐస్‌క్రీము దీని ముందు ఏపాటి?" అన్నాడు. అమ్మ వాడికి మూడో గిన్నె పోసింది. వెళ్ళేటప్పుడు ఒక తలముక్క కూడా కట్టి ఇవ్వబోయింది. విమానంలో మట్టిదుంపలు తీసుకుపోనివ్వరని నచ్చజెప్పేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది.

మీలో ఎవరి ఊళ్ళోనైనా, పెద్దవాళ్ళ పెరట్లో, కొబ్బరిచెట్టునో మామిడిచెట్టునో పట్టుకుని ఒక పెండలం తీగ ఇంకా ఉండి ఉండవచ్చు. ఇల్లు అమ్మేటప్పుడు దస్తావేజులో దాని పేరు ఉండదు. గుమ్మాలూ కిటికీలూ లెక్కపెట్టే మధ్యవర్తి దాన్ని లెక్కపెట్టడు. మీరే వెళ్ళి, అది ఏ రంగుదో, ఎప్పుడు నాటారో, ఎవరిచ్చారో అమ్మమ్మనో పెద్దమ్మనో అడిగి, మాఘమాసం వెళ్ళేలోగా తవ్వి తెచ్చుకోండి. దుంప తెంపండి. తోక వండుకోండి, నడిముక్క నాటుకోండి. తల మాత్రం పక్కింటివాళ్ళకి ఇవ్వండి. మొలిచిందో లేదో ఆషాఢంలో ఒకసారి వెళ్ళి కనుక్కోండి. ఆ వంకన నాలుగు మాటలూ మాట్లాడుకున్నట్టవుతుంది.